గేటు ముందు దింపిన పాడె

సాయంత్రం తాను తవ్వి పెట్టిన గుంతలోకి తెల్లారి దిగిన రుక్కమ్మ అరికాలికి గాజులు తగిలాయి.

శవాన్ని దించేముందు రుక్కమ్మ ఒకసారి గుంతలోకి దిగి ఉత్తకాళ్లతో అడుగంతా తొక్కి చూస్తుంది. పడుకునే మనిషి వీపు కింద రాయి ఉండకూడదు. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొగుడు పోయిననాడు గుంత తవ్వే మనిషి దొరక్క తనే గడ్డపార పట్టింది. ఆయన్ని దించబోతూ ఎందుకో దిగి తొక్కింది. ఆనాటి నుంచి కొండాపూర్ బొందలగడ్డలో గుంతలన్నీ ఆమెవే. "ఆడదానికి ఈడేం పని?" అన్నవాళ్లే తమ ఇంట్లో చావొస్తే వచ్చి ఆమె తలుపు తట్టారు.

ఆమె దిగి తొక్కుతుందని తెలియనివాళ్లే ఈ పని చేశారు. అడుగున ఒకరిని కప్పెడితే పైన, ఆ గుంత ఎవరి కోసం తవ్విందో ఆ వెంకటరామయ్య తాత వచ్చి పడుకుంటాడు, ఇక ఎవరికీ తెలియదనుకున్నారు.

రుక్కమ్మ పార పక్కన పడేసి చేతులతో మట్టి తీసింది. గాజుల చెయ్యి బయటపడింది. దాని వెనక సిమెంటు సంచుల్లో చుట్టిన పడుచు పిల్ల. జుట్టు నిండా ఎండిన సిమెంటు. కాళ్లకు పసుపు ఇంకా పోలేదు.

"విమలక్కా! జల్ది రా!"

బస్తీలో ఆడవాళ్లు ఎవరు పోయినా కడిగి బట్ట కట్టేది విమల. గుంటూరు నుంచి వచ్చి చర్చి పక్కన గదిలో ఉంటుంది. బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చి ముందు ఆ పిల్ల ముఖం కడిగింది. తర్వాత చేతులు కడగబోయి ఆగిపోయింది.

"పిడికిలి తెరుచుకోవట్లేదు రుక్కమ్మా. లోపల మట్టి."

"పెట్టినప్పుడు అంటిందేమో."

"అంటిన మట్టి వేరు. ఇది పట్టుకున్న మట్టి."

రుక్కమ్మ వంగి ఆ పిడికిలిని కొంగుతో కప్పింది.

అవి ఊళ్లోని గుట్టల్ని పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులు. పొద్దున్నే మందుపాతర మోగితే బొందలగడ్డలో సమాధి రాళ్లు అదిరేవి. పాలమూరు నుంచి లారీల్లో దింపిన కూలీలు రేకుల గుడిసెల్లో ఉండేవారు. సిమెంటు అంటిన ఈ పిల్ల ఎక్కడిదో అడగనక్కర్లేదు. ఎదురుగా రోడ్డవతల, పెద్ద గేటు వెనక మేడ లేస్తోంది.

బస్తీ మగవాళ్లు గుంత చుట్టూ చేరారు.

"ఎట్లున్నదో గట్లనే కప్పెట్టు. కంట్రాక్టరుతోని మనకెందుకు పరేషాన్?" అన్నాడు ఒకడు.

"పేరు తెల్వకుండ ఎట్ల పెడత? ఎవరని పిలుస్త?" అంది రుక్కమ్మ.

పాడెను కాటికి మోసుకుపోతూ దారిలో ఒకచోట దింపుతారు. అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పేరు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. దింపుడు కళ్లం అంటారు దాన్ని. ఆ పిలుపు లేకుండా ఎవరినీ మట్టిలో పెట్టరు. ఈ పిల్లను ఎవరూ పిలవలేదు.

"పోలీసులకు చెప్తే?" అంది విమల.

"అనాథ శవం అంటరు, తీస్కపోతరు. అయినోళ్లు గా గేటు లోపల ఉన్నరు. ఆడికే పోదాం. పాడె కట్టుండ్రి."

మగవాళ్లు కదల్లేదు. రుక్కమ్మ తనే వెదుళ్లు తెచ్చింది. బస్తీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు. నలుగురూ పాడె ఎత్తారు.

"ఆడోళ్లు పాడె మోస్తరా? లోకం ఏమైతది?" అంటూ ఒకడు అడ్డమొచ్చాడు.

"నీ నాయినకు నేను గుంత తవ్విననాడు ఏమైందో గదే అయితది. తప్పుకో!"

అతను తప్పుకున్నాడు. నాలుగడుగులు పోయాక చెప్పులు విడిచి వెనకే నడిచాడు. చూసి మరికొందరు కదిలారు. మాదాపూర్ రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి. రుక్కమ్మ ఎన్నో పాడెలు వస్తుంటే చూసింది, మోయడం ఇదే మొదలు. ఇంత తేలిక మనిషా అనిపించి కళ్లు మసకబారాయి.

గేటు దగ్గర కంట్రాక్టరు విశ్వేశ్వరరావు ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో సెల్‌ఫోను.

"ఏంటమ్మా ఈ దరిద్రం? ఇవాళ పెద్దవాళ్లు వస్తున్నారండి చూడటానికి! తీసెయ్యండి!"

రుక్కమ్మ మోకాళ్లు వంచింది. నలుగురూ పాడెను సరిగ్గా గేటుకు అడ్డంగా దింపారు.

"దింపుడు కళ్లం, సారూ. పేరు పిల్వనిదే పాడె లేవదు."

పరంజాల మీద చేతులు ఆగాయి. మొదట ఒక ఆడకూలీ దిగింది. పేరు లచ్చమ్మ. తలమీద తట్ట అలాగే ఉంది. పాడె దగ్గరికొచ్చి వంగి చూసింది. తట్ట జారి కంకరంతా చెల్లాచెదురైంది.

"మణెమ్మా! ఓ నా మణెమ్మా! దవాఖానల ఉన్నవంటిరి గదే! గట్టెక్కి వస్తవంటిరి గదే!"

ఆ ఏడుపుకు మేడ మొత్తం కిందికి దిగింది. ఇసుక మోసే ఆడవాళ్లు, ఇనుము వంచే మగవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు. నిన్న పొద్దుగూకే వేళ పరంజా విరిగి మణెమ్మ పడింది. మేస్త్రీ జీపులో వేసుకుని పోయాడు. దవాఖానలో చేర్చానని చెప్పి అందర్నీ పనిలోకి తోలాడు. ఒకరి మాట ఒకరు అందుకుని చెప్పారు.

పోలీసు జీపు వచ్చింది. ఎస్సై లాఠీ ఊపాడు.

"శవాన్ని ఎవర్నడిగి తీసినవే?"

"నా గుంతల పెట్టినోళ్లను అడుగు సారూ, ఎవర్నడిగి పెట్టిన్రో!"

గుంపులో ఎవరో నవ్వారు, ఆ నవ్వు వెంటనే ఏడుపైంది. లచ్చమ్మ పాడె పక్కన నేలమీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. తట్టలన్నీ బోర్లా పడ్డాయి. కంకర కలిపే మిషను ఆగాక ఆ చోట అంత నిశ్శబ్దం ఉంటుందని ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

"లేవకపోతే పని ఉండదు! ఊరికి తోలేస్తాను!" విశ్వేశ్వరరావు అరిచాడు.

"తోలు. ఈడికెల్లి లేపాల్సింది గీ పాడె ఒక్కటే గాదు, మమ్మల్నీ మోసుకపో," అంది లచ్చమ్మ.

ఎస్సై లాఠీ దించాడు. కొట్టాలంటే పాడె దాటి రావాలి.

రుక్కమ్మ లచ్చమ్మ భుజం పట్టుకుంది. "ఎవరు పిల్వాలె చెల్లే? అయినోళ్లెవరు?"

"కుర్మయ్య మేస్త్రీ. ఒక్కటే ఊరు. దానికి వరుసకు అన్న."

జనం రెండుగా చీలారు. దారి చివర గోడకు ఆనుకుని కుర్మయ్య. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు.

"కుర్మయ్యా, లోపలికి పో!" అన్నాడు విశ్వేశ్వరరావు.

అతను లోపలికి పోలేదు. కాళ్లీడ్చుకుంటూ పాడె దగ్గరికొచ్చాడు, మోకాళ్ల మీద పడ్డాడు. మణెమ్మ చెవి దగ్గర నోరు పెట్టాడు. పెదవులు కదిలాయి, పేరు మాత్రం రాలేదు.

"పిలు," అంది రుక్కమ్మ మెల్లగా. విమల ఆ మూసుకున్న పిడికిలిని అతని ముందు పెట్టింది.

కుర్మయ్య దాన్ని చూశాడు. తల నేలకు కొట్టుకున్నాడు.

"నాతోని కాదమ్మా... జీపుల ఎక్కిచ్చినప్పుడు మూలుగుతుండె. దవాఖానకు పోతే పోలీసులొస్తరు, పని బందయితదన్నడు సారు. ఎట్లనన్న సచ్చేదే, బొందలగడ్డకు మలుపుమన్నడు. నేనే మలిపిన. సంచుల నేనే చుట్టిన. గుంతల దించితే ఒళ్లు ఇంక ఎచ్చగనే ఉండె. మట్టి పోసేముంగట ఒక్కపారి పిలుద్దామని నోటి దాంక వచ్చిందమ్మా... పిలిస్తే పలుకుతదేమోనని బయమై పిల్వలే."