మూడడుగుల దారి

తొంభై ఆరు, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. అబ్దుల్ మజీద్ పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. ఎడమచేతి వేళ్ళ మధ్య వెంట్రుకంత రాగితీగ జారుతోంది, కుడిచెయ్యి మిషన్ పిడిని తిప్పుతోంది. కాలిపోయిన ఫ్యాను కాయిలు అది. చుట్ల లెక్క తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. నలభై ఏళ్ళలో ఆయన లెక్క తప్పింది నాలుగంటే నాలుగుసార్లు. ఒకసారి కూతురు మెహ్జబీన్ పుట్టిందని కబురొచ్చినప్పుడు, ఒకసారి అయ్య పోయాడని కబురొచ్చినప్పుడు. మిగతా రెండూ దోమల పుణ్యం.

నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఆ కొట్టు ఉందని తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. బోర్డు మీది అక్షరాలు ఎండకి వెలిసిపోయి చాలాకాలమైంది, కొత్తది రాయించాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. మోటారు కాలినవాడు ఎట్లాగూ వెతుక్కుంటూ వస్తాడని ఆయన ధీమా. అరవై ఆరేళ్ళ మనిషి. చేతివేళ్ళకి వార్నిష్ మరకలు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, ఎడమకంట్లో ఈమధ్యే మొదలైన మసక. బెజవాడ దాటి పోలేదు. పోవాలని అనుకోనూ లేదు.

కొట్టు లోపలి గోడకి ఆనించిన బల్ల మీద మాత్రం, పాత లుంగీ కింద, ఐర్లాండు ఉంది.

అది పక్కింటి ఆటో మరియదాసు కూతురు సంజన వల్ల వచ్చిపడిన పని. ఆ పిల్ల అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. ఆమె చూసుకునే వాళ్ళలో డెన్నిస్ అని తొంభై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉండగా క్విల్టీ అనే చిన్న స్టేషన్లో పోర్టరుగా చేశాడు. సముద్రం పక్కనే రైలుదారి. అక్కడి గాలి ఎంతటిదంటే, దాన్ని కొలవడానికి స్టేషన్లో ఒక యంత్రం పెట్టుకున్నారు. గాలి ముదిరితే రైలుపెట్టెలు పడిపోకుండా లోపల బరువు దిమ్మలు వేసి పంపేవాళ్ళు. ఇంకా ముదిరితే బండే ఆపేసేవాళ్ళు. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఆ లైను మూసేశారు. డెన్నిస్ మాత్రం ఇప్పటికీ రోజూ చీకటిపడే వేళకి కిటికీ దగ్గర కూర్చుంటాడు. "గాలి ఎక్కువగా ఉంది, బండి ఇంకా రాలేదు" అంటాడు. అది వచ్చేదాకా పడుకోనంటాడు.

"ఆయనకొక బండి చేసిపెట్టు బాబాయ్. వచ్చిందని చూపిస్తే నిద్రపోతాడు" అని సంజన ఫోన్లో ఫోటోలు పంపింది.

పదకొండు నెలలు పట్టింది. సైకిలు పుల్లలు పట్టాలయ్యాయి, ఐసుఫ్రూటు పుల్లలు స్లీపర్లయ్యాయి, గొడుగు చువ్వలు ఇరుసులయ్యాయి. పాడైపోయిన సీడీ ప్లేయర్లోంచి మోటారు తీసి ఇంజన్లో దాచాడు. నాలుగడుగుల చెక్క, మధ్యలో మడత. మడిస్తే సూట్‌కేసులో పడుతుంది. ఇంజను, ఒక పెట్టె, ఒక స్టేషను. సంజన నెల సెలవు మీద వచ్చి దాన్ని మొదటిసారి చూసినప్పుడు పడీపడీ నవ్వింది.

"ప్లాట్‌ఫారం మీద మంచినీళ్ళ కుండేంది బాబాయ్? ఐర్లాండులో కుండలుండవు."

"దాహం ఉంటదిగా" అన్నాడు మజీద్.

ఈ రోజు సాయంత్రం ఐదింటికి ఆమె హైదరాబాద్ బస్సెక్కాలి. రాత్రికి విమానం. బండి కూడా ఆమెతోనే వెళ్ళాలి. అందుకని పొద్దున తొమ్మిదింటికి సంజన కొట్టు మెట్లెక్కితే, చెక్క తీసుకోవడానికే అనుకుని ఆయన మిషన్ ఆపాడు. ఆమె చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు.

"రాత్రి మన బండి వీడియో పంపాను గదా బాబాయ్. అక్కడ నాతో పనిచేసే ఫ్రెండు డెన్నిస్ తాతకి చూపించిందంట."

"ఏమన్నాడు?"

సంజన ఫోన్లో మెసేజి చూసి చెప్పింది. "చానా బాగుందన్నాడంట. కానీ ఇది మా దారి కాదు, వెడల్పెక్కువ అన్నాడంట. మాది మూడడుగులని మూడు వేళ్ళు చూపించి, మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడంట."

మజీద్ లేచి లుంగీ తీశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, స్కేలు పెట్టి పట్టాల మధ్య కొలిచాడు. అడుగుకి అంగుళంలో మూడోవంతు లెక్కన చేసిన బండి అది. మూడడుగుల దారైతే పట్టాల మధ్య సరిగ్గా అంగుళం ఉండాలి. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువ ఉంది. అంటే అసలు దారిలో మూడంగుళాల పైన.

ఆ కొలత ఎక్కడిదో ఆయనకి వెంటనే తెలిసింది. ఎవరూ చెప్పనక్కర్లేదు. రెంటచింతల స్టేషన్లో ఆయన అయ్య మౌలాలీ సిగ్నల్ దీపాలు వెలిగించేవాడు. ఆ మీటరుగేజి పట్టాల మధ్య గెంతుతూ పెరిగినవాడికి చిన్నబండి అంటే ఆ వెడల్పే. లోకంలో ఇంకో వెడల్పులో చిన్నబండి ఉంటుందని ఆయనకి అనుమానం కూడా రాలేదు. ఫోటోలు చూస్తూ కూర్చున్నాడే గానీ చేతులు వాటి దారిన అవి పోయాయి. పెట్టెకి వేసిన ఇటుకరంగు ఆ బండిదే. కుండ ఆ స్టేషన్‌దే. ప్లాట్‌ఫారం చివర నెత్తిన తువ్వాలు వేసుకుని నిలబడ్డ వేలెడంత మనిషి ఐర్లాండు పోర్టరు కానే కాదు, అయ్య. ఆ రెంటచింతల లైనుని బ్రాడ్‌గేజి చేసినప్పుడు పాత పట్టాలు పీకి లారీల్లో వేసుకుపోతుంటే మజీద్ చూడలేక వెనక్కి తిరిగి వచ్చేశాడు. పదకొండు నెలలపాటు ఇంకొకరి బండి చేస్తున్నాననుకుంటూ అయ్య బండిని చేసుకున్నాడు.

"వదిలెయ్ బాబాయ్" అంది సంజన ఆయన మొహం చూసి. "తొంభై ఏళ్ళాయన. రేపటికి మర్చిపోతాడు."

"మరిచిపోయేవాడైతే వెడల్పు చెప్పడమ్మా."

"మరి ఇప్పుడెట్టా?"

ఇరుసులు కోసి పొట్టి చెయ్యాలి, ఒక పట్టా పీకి లోపలికి జరపాలి. చేస్తే ఇది క్విల్టీ బండి అవుతుంది. రెంటచింతల బండి మాత్రం ఇంకోసారి పోతుంది. మళ్ళీ చేసుకుందామంటే ఈ కంటితో అయ్యే పని కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసిన చోట నొప్పిగానే ఉంది. గంటకి పైగా చెక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు. బండిని చివరిదాకా ఒకసారి నడిపించాడు, వెనక్కి ఒకసారి నడిపించాడు. ఆఖరికి చిన్న రంపం తీశాడు.

సరిగ్గా అప్పుడే బొల్లాపల్లి నాగేశ్వరరావు కాలిపోయిన బోరు మోటారుని ట్రాలీ ఆటోలో వేసుకుని దిగాడు. పాతికేళ్ళ ఖాతాదారు, నోరు పెద్దది.

"మజీదూ, మిరప వాడిపోతంది. సాయంత్రానికి కావాల."

"రేపు పొద్దున ఇస్తా."

నాగేశ్వరరావు తన చెవులే తప్పు విన్నాయనుకున్నాడు. ఈ కొట్టులో ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. రంపాన్నీ, బల్ల మీది బండినీ, పక్కన నిలబడ్డ సంజననీ చూశాడు. "ఆటబొమ్మ కోసం నా మోటారు ఆపుతావా? ఏందయ్యా ఇది?"

సంజన సంగతంతా చెప్పింది. విన్నాక నాగేశ్వరరావు మోటారుని గోడవారగా దించి, స్టూలు లాక్కుని, తిట్టడానికైనా దగ్గరగా ఉండాలన్నట్టు కూర్చున్నాడు. సంజన సామాను సర్దుకోవడానికి వెళ్ళింది.

ఏడు ఇరుసులు. ఇంజనుకి నాలుగు, పెట్టెకి మూడు. ఒక్కోదాన్నీ నడిమికి కోసి, పొట్టి చేసి, పాత బాల్‌పెన్ను రీఫిల్లు ఇత్తడి గొట్టంలో రెండు కొసలూ దూర్చి అతకాలి. చక్రం వంకరపోకూడదు. మూడో ఇరుసు దగ్గర ఎడమకన్ను నీళ్ళు కార్చడం మొదలెట్టింది. నాగేశ్వరరావు తిట్టడం మానేసి టార్చి పట్టుకున్నాడు. నాలుగో ఇరుసుకి కొస తనే పట్టుకుని, "ఊపిరి బిగపట్టు, నేనూ బిగపడతా" అన్నాడు. బోరుబావి మోటార్లు తప్ప ఏమీ పట్టని ఆ మోటు చేతులు అంత నెమ్మదిగా పట్టగలవని ఇద్దరికీ తెలియదు. తువ్వాలు మనిషిని పీకితే ఊడొచ్చాడు. కుండ మాత్రం ఊడలేదు, జిగురు గట్టిది. దాన్ని అట్లాగే వదిలేశాడు.

హజ్రా బీ అన్నం క్యారేజీ తెచ్చి, మొగుడి మొహం చూసి, నాగేశ్వరరావుకి కూడా వడ్డించి వెళ్ళింది.

తిన్నాక పట్టా జరిపే పని. ఒక్కో మేకూ పీకడం, అంగుళం కొలిచి మళ్ళీ దిగేయడం. మధ్యాహ్నపు వేడికి కొట్టు మత్తుగా ఉంది. సందులో ఎవరో స్టీలు గిన్నెలు అమ్ముకుంటూ పోతున్నారు, ఆ కేక వస్తూ వస్తూ దూరమైపోయింది. మేకు తరవాత మేకు దించుతుంటే మజీద్‌కి కంకర మీద అయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. అయ్య భుజాన నిచ్చెన, చేతిలో కిరసనాయిలు డబ్బా. రెంటచింతల గాలి ఎవర్నీ తొయ్యదు, నిలబెట్టి కాలుస్తుంది. ఆ గాలిలో నడుస్తూ నడుస్తూ అయ్య ఉప్పువాసన కొట్టే ఇంకో గాలిలోకి వెళ్ళాడు. అక్కడ పచ్చిక మీద సన్నటి దారి, దాని పక్కన తెల్లటి స్టేషను, స్టేషన్లో గాలిని కొలిచే యంత్రం గిర్రున తిరుగుతోంది. కుర్ర పోర్టరొకడు బరువు దిమ్మలు మోస్తున్నాడు. అయ్య నిచ్చెన గోడకి ఆనించి దిమ్మకి ఇంకో పక్క పట్టుకున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. రావలసిన అవసరం కూడా కనిపించలేదు. ఇద్దరూ కలిసి దిమ్మని పెట్టెలోకి ఎక్కించారు, గాలి కాస్త తగ్గింది, దూరంగా బండి కూత వినపడింది.

"మజీదూ, ఆఖరి మేకు" అన్నాడు నాగేశ్వరరావు.

మూడున్నరకి బండిని కొత్త పట్టాల మీద పెట్టాడు. స్విచ్ వేస్తే ఒక్కసారి వణికి కదిలింది. వంకరపోకుండా, ఎక్కడా తట్టకుండా, చెక్క మడతని దాటి, కుండ పక్కనుంచి వెళ్ళి ప్లాట్‌ఫారం చివర ఆగింది. మజీద్‌కి లోపల ఏదో వదులైంది. తన బండి కాదది ఇప్పుడు, చూస్తేనే తెలుస్తోంది. సన్నగా, తేలిగ్గా, గాలికి భయపడే బండిలా ఉంది. నాగేశ్వరరావు తన బండే అయినట్టు మీసం దువ్వుకున్నాడు.

గుమ్మంలో సంజన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"నడిచింది చూశావా అమ్మా?"

"చూశాను బాబాయ్." ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయింది. "తాత లేడు. ఇప్పుడే మెసేజ్ చూశా. నిద్రలోనే పోయాడంట. వాళ్ళ టైము పొద్దున ఐదింటికి."

"మనకెంత?"

"పదిన్నర."

నాగేశ్వరరావు గోడ గడియారం వంక చూశాడు, చూసి తల దించుకున్నాడు. ఆయన దిగింది పదిన్నరకే. మజీద్ మొదటి ఇరుసు మీద రంపం పెట్టింది అప్పుడే. ముగ్గురూ ఆ లెక్క వేసుకున్నారు. మజీద్‌కి ఏడుపొచ్చింది. ఎప్పుడూ చూడని మనిషి కోసం కొంత, అయ్య కోసం కొంత. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకిది ఎవరికి చూపించను బాబాయ్? నీ దగ్గరే ఉంచుకో" అంది సంజన.

ఆయన చెక్కని మెల్లగా మడిచి, పాత లుంగీలోనే చుట్టి, పురికొసతో కట్టాడు. "మా అయ్య దీపాలెట్టే కాలంలో రాత్రి బండికి దిగేవాళ్ళుండరు, ఎక్కేవాళ్ళుండరు. అయినా దీపం పెట్టకుండా ఇంటికొచ్చిన రోజు లేదు. ఎక్కేవాడు లేడని బండి ఆపుతారా? ఆయన కిటికీ కాడ పెట్టు తల్లీ. ఒక్కసారి నడిపించు. బండొచ్చిందని ఆ గదికన్నా తెలియాల."

సంజన మూటని రెండు చేతులా ఎత్తుకుంది. మరియదాసు సందు మొదట్లో ఆటో హారను కొట్టాడు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది. హజ్రా బీ సందు చివర తమ ఇంటి గుమ్మంలోంచి చెయ్యూపుతూ చాలాసేపు నిలబడింది.

మజీద్ బోరు మోటారుని బల్ల దగ్గరికి జరిపించి దాని మూత విప్పడం మొదలెట్టాడు. "రాత్రికి ఇచ్చేస్తా. ఉండు" అన్నాడు.

"రేపే తీసుకుంటాలే. ఒక్కరోజుకి మిరప చావదు." నాగేశ్వరరావు బల్ల మీద జాగా చేద్దామని చెత్త పోగుచేయబోయి ఆగాడు. "ఇయ్యేంది? పారబొయ్యనా?"

మజీద్ తలెత్తి చూశాడు. ఇరుసుల్లోంచి కోసి తీసిన ముక్కలు. డెన్నిస్ దారికీ అయ్య దారికీ ఉన్న తేడా మొత్తం అంతే.

"ఉండనీ" అన్నాడు.

పాత పేపరు మీద, బియ్యపు నూకల్లాంటి ఏడు ఉక్కుముక్కలు వరసగా ఉన్నాయి. ఆటో లేపిపోయిన దుమ్ము వాటి మీద ఇంకా వాలుతూనే ఉంది.