కదిలే మిల్లు

బాపయ్యకు తెలివి ఎక్కువని బాపయ్యే చెప్పుకోవాలి, ఊళ్లో ఇంకెవడూ అనడు. పెళ్లాం కోటిరత్నం అసలే అనదు. పొదిలి పక్క ఊళ్లో వాళ్ల కారం మిల్లు నడిపేది ఆవిడ. ఘాటుకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడేదీ ఆవిడకే. అయ్యగారి పనల్లా అరుగెక్కి కోతలు కోయడం.

నేలకు బిగించిన యంత్రాలకూ విలువ కట్టి ఇంటిపన్నులో కలుపుతారని టీకొట్టు దగ్గర విన్నాడు. అంతే! రెంచీ పట్టుకుని మిల్లు మిషను బోల్టులన్నీ ఊడబీకాడు.

"బిగించకపోతే ఇంక పన్నెక్కడిదే? మంచానికి పన్నేస్తారా?" అని ఇకిలించాడు.

"తెలివి తెల్లారినట్టే ఉంది. బోల్టుల్లేకుండా ఆడిస్తే షెడ్డంతా తిరుగుద్ది," అంది కోటిరత్నం. ఈ మనిషి చేత తాళి కట్టించుకున్నందుకు తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పంచాయతీ సెక్రటరీ కరుణాకర్ విలువ కట్టడానికి వచ్చాడు. జనం మూగారు. బాపయ్య తమ్ముడు యలమందా వచ్చి నిలబడ్డాడు. నలుగురు చేరితే బాపయ్యకు పూనకమే.

"సార్, ఇది స్థిరాస్తి కాదండీ! ఎటు లాగితే అటొచ్చుద్ది. ఊరంతా సాక్ష్యం!"

"ఏందన్నాయ్, మళ్లీ చెప్పు," అన్నాడు యలమంద.

"కదిలేదేరా!"

కోటిరత్నం నెత్తి కొట్టుకుంది. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దలన్న మాట ఊరందరికీ తెలుసు: కదలని ఆస్తి బాపయ్యకు, కదిలేది యలమందకు. అలాగే ట్రాక్టరూ గేదెలూ అతను తోలుకుపోయాడు. షెడ్డూ మిల్లూ వీళ్లకు మిగిలాయి. ఆ మిల్లు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"కదిలేదైతే నాదేగా! ట్రాక్టరు తెస్తా," అంటూ యలమంద చెప్పులేసుకున్నాడు.

బాపయ్య ఊడబీకిన బోల్టుల కోసం జేబులు తడుముకున్నాడు.

కోటిరత్నం కుచ్చిళ్లు ఎగదోపి మిషనెక్కి కూర్చుంది.

"కదుపు మరిదీ, చూస్తా! సెక్రటరీ గారూ, ఇది నేలకు పాతుకున్న ఆస్తండీ. ఎంత విలువైనా కట్టుకోండి, పన్ను నేనే కడతా. రసీదు నా పేరున రాయండి."

"మరి మీ ఆయన పేరమ్మా?" అన్నాడు కరుణాకర్.

ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఆయన కదిలే ఆస్తేనండీ. ఒరే యలమందా, ట్రాక్టరు ఎటూ తెస్తావుగా, మీ అన్నను ఎక్కించుకుపో."