మూరెడు తక్కువ

ముప్పయ్యేళ్లుగా ఈ మైదానానికి దిక్కూ మొక్కూ నేనే. పిచ్ మీద రోలర్ లాగేది నేను, వల చిరిగితే కుట్టేది నేను, పగిలిన బ్యాట్లకు పట్టీ చుట్టేది నేను. పిచ్ కొలవడానికి ఒక పాత ఇనుప గొలుసు ఉంది. దాన్ని నేల మీద పరిచి, రెండు చివర్లా వికెట్లు పాతుతాను. కొత్తది కావాలని కమిటీకి ఎన్ని అర్జీలు పెట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మా అమ్మాయి ఏడో ఏట నుంచీ ఇక్కడే బంతి వేసింది. ఇక్కడ సాధనే తప్ప మ్యాచ్‌లు జరగవు. సరిగ్గా బ్యాటర్ బొటనవేలి దగ్గర పడే బంతి కోసం పన్నెండేళ్లు చెయ్యి అరగదీసుకుంది. నిన్న పెద్ద స్టేడియంలో జట్టు ఎంపిక. వయసు లెక్కన దానికి అదే ఆఖరి అవకాశం. పన్నెండు బంతులు వేయించారు. అన్నీ ముందే పడి, తిన్నగా బ్యాటు మధ్యకి వెళ్లాయి.

"అక్కడి పిచ్ పొడుగ్గా ఉంది నాన్నా," అంది ఇంటికొచ్చి.

"ఆడలేక మద్దెల ఓడందట. పిచ్ కొలత ఎక్కడైనా ఒకటే," అని కసిరాను.

పొద్దున్నే వడ్రంగి దగ్గర అయిదు మీటర్ల టేపు అడిగి తెచ్చింది. మైదానానికి వెళ్లి ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. ఇరవై రెండు గజాల పిచ్ కదా, నాలుగుసార్లు జరిపాక ఇంకో బెత్తెడు మిగలాలి. నాలుగోసారి టేపు పూర్తవకముందే వికెట్లు అడ్డొచ్చాయి. మొత్తం మీద మూరెడు తక్కువ.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మాయి బంతి పట్టక ముందు ఏడాది గొలుసు తుప్పుపట్టి తెగింది. జానెడేసి లింకులు రెండు తీసేసి, మిగతాది తీగతో బిగించాను. అతుకు కనబడనందుకు మురిసిపోయాను కూడా. గొలుసు పొట్టిదైందన్న ఇంగితం మాత్రం లేకపోయింది.

గడ్డపార తెచ్చి వికెట్లు వెనక్కి జరిపాను. అమ్మాయి పరుగెత్తుకొచ్చి బంతి వేసింది. మూరెడు ముందు పడింది. మళ్లీ వేసింది. మళ్లీ అక్కడే పడింది.

"కాస్త పైకి వదులమ్మా."

"చెయ్యి వినట్లేదు నాన్నా."

బంతి నా చేతిలో పెట్టి, టేపు చుట్టింది. "ఇది ఇచ్చేసి వస్తా. ఆయనకి పనుంటుంది," అంది.

ఒక్క తిట్టు తిట్టినా బతికేవాణ్ని.