ఎత్తుల్లేని దారి

మొదట మెటియోరా పోయింది. గ్రీసులో నిట్టనిలువు బండల నెత్తిన కట్టిన మఠాలవి. వాటి ఫొటో చూసి మనసుపడే ఆమె ఈ ప్రయాణం తలపెట్టింది. అలాంటిదాన్ని భర్త పెన్సిలుతో కొట్టేసి, మెట్లెక్కడానికి తన మోకాళ్ళు ఒప్పుకోవన్నాడు. ఆమె సరేనంది. మోకాళ్ళతో వాదనేముంది?

తర్వాత జిరోకాస్టర్ కోట పోయింది. అల్బేనియాలో ఊరంతటినీ పైనుంచి చూస్తూ కూర్చున్న కోట. అక్కడ ఎండ ఎక్కువన్నాడు. ఆ మర్నాడు సముద్రం పక్కనే కొండెక్కి దిగే లోగరా కనుమ దారి పోయింది. మలుపుల్లో తనకి వాంతులవుతాయన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతనికి ఏ బండిలోనూ వాంతి కాలేదు.

ఆదివారం భోజనాలయ్యాక బల్ల తుడిచి మళ్ళీ పటం పరిచారు. గ్రీసు, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి. పటాలంటే ఆమెకి కొట్టినపిండి. సిటీ బస్సుల డిపోలో రూట్లు వేసే ఉద్యోగం ఆమెది. నేరుగా పోగలిగిన బండి చుట్టుతిరిగి పోతోందంటే మధ్యలో ఏదో ఉన్నట్టే అని ఆ ఉద్యోగం నేర్పింది. ఓసారి ఒక డ్రైవరు రోజూ ఒక వీధిని తప్పించి బస్సు తిప్పేవాడు. ఆరా తీస్తే ఆ వీధిలో అతని మామగారిల్లు ఉంది.

బల్లకి అటుపక్క ఆమె తమ్ముడు కూర్చున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. నోరు మూతపడదు కాబట్టి ఇంటాబయటా అందరూ రేడియో అనే పిలుస్తారు. అతనూ వాళ్ళతో వస్తున్నాడు. మాసిడోనియాలో స్కోప్యే ఊరి పక్కన కొండ మీదికి రోప్‌వే ఉందనీ, అది తప్పకుండా ఎక్కాల్సిందేననీ గంటనుంచీ ఊదరగొడుతున్నాడు.

"తీగల్ని నమ్ముకుని అంత పైకి ఎవరెక్కుతారు?" అన్నాడు భర్త.

"బావా, తీగకి ఇనప దూలాలు వేలాడదీసి బతికేవాడివి నువ్వు. నువ్వే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు?"

భర్త నవ్వలేదు. అతను టవర్ క్రేను నడుపుతాడు. మేడలు కట్టేచోట ఆకాశంలో అగ్గిపెట్టెలా కనబడే గదిలో కూర్చుని, కింద మనుషుల తలల మీదుగా టన్నుల బరువు అటూ ఇటూ తిప్పడం అతని పని. రేపటినుంచి కొత్త క్రేను. ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ ఎక్కనంత ఎత్తు. మేస్త్రీ ఏరికోరి అతన్నే పెట్టాడు.

"అక్కా, నాకేదో తేడాగా ఉంది. ఆ కొండల్లో బావకి తెలిసినావిడ ఎవరో ఉంది," అన్నాడు రేడియో.

ఆమె నవ్వింది గానీ చూపు మాత్రం పటం మీదే ఉంది. భర్త కొట్టేయగా మిగిలినవాటిని కలుపుతూ ఎర్రగీత గీసింది. థెస్సలొనికీ సముద్రపు ఒడ్డు. డుర్రెస్ బీచి. ఓహ్రిడ్ సరస్సు. మూడు దేశాలూ తిరిగినా ఆ గీత ఆగిన చోట్లలో ఒక్కటి కూడా కొండ మీద లేదు. అన్నీ నీటి ఒడ్డునే నేలని కరుచుకుని ఉన్నాయి.

అతను తప్పించుకుంటున్నది ఊళ్ళని కాదు, ఎత్తుని.

ఆ గీత పట్టుకుని వెనక్కి పోతే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి దొరికాయి. వేసంగినుంచీ అతను బాల్కనీలో బట్టలు ఆరెయ్యడం లేదు. ఒళ్ళొంగడం లేదని దెప్పింది. పనిరోజుల్లో పొద్దున ఏమీ తినకుండా పోతున్నాడు. పొట్ట తగ్గించుకుంటున్నాడనుకుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని డిపోలో పేరున్న మనిషి, సొంత ఇంట్లో ఇంత పెట్టుకుని కనిపెట్టలేకపోయింది.

రేడియోని ఐస్‌క్రీముకి పంపింది. తలుపు మూసుకున్నాక పెన్సిలు తీసుకుంది.

"మెటియోరా మళ్ళీ పెడుతున్నాను. మీరు ఎక్కక్కర్లేదు. కింద ఊళ్ళో కాఫీ తాగుతూ కూర్చోండి. నేనూ తమ్ముడూ చూసొస్తాం."

అతని భుజాలు రెండూ కిందికి జారాయి. "అలాగే. మీరెళ్ళి రండి."

"కోట కూడా అంతే."

"అదీ అంతే. హాయిగా వెళ్ళండి."

"మరి రేపు క్రేను ఎవరెక్కుతారు?"

అతను పటం అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. ఆమె తొందరపెట్టలేదు. చివరికి తనే మొదలుపెట్టాడు. వేసంగిలో ఒకరోజు కాంక్రీటు తొట్టి పైకి లాగుతూ కాళ్ళకింది అద్దంలోంచి కిందికి చూశాడు. ఎప్పుడూ చూసే నేలే. ఆరోజు అది తన మీదికి లేచొస్తున్నట్టు అనిపించింది. అప్పట్నుంచీ నిచ్చెన ఎక్కుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఎక్కుతున్నాడు. పైన లివరు పట్టుకుంటే చేతులు చెప్పినమాట వినడం లేదు.

"ఏమీ జరగలేదు. అదే నాకు అర్థం కాదు. ఏదన్నా జరిగుంటే చెప్పుకోడానికైనా ఉండేది," అన్నాడు. "ఇన్నేళ్ళు ఎక్కినవాణ్ణి. ఇప్పుడు భయమేస్తోందని ఎవరితో చెప్పను?"

"నాతో చెప్పారుగా. ఇంక మేస్త్రీ ఒక్కడేగా మిగిలింది."

ప్రయాణం అయ్యాక చెప్తానన్నాడు. ఇప్పుడే చెప్తే మేస్త్రీ సెలవు ఇవ్వడనీ, సగం ఏర్పాట్లయిన ప్రయాణం చెడగొట్టడం తనకిష్టం లేదనీ అన్నాడు. ఆమెకీ ఇష్టం లేదు. సెలవులు ఇద్దరికీ ఒక్కసారి కుదరడానికి ఎంతమంది కాళ్ళావేళ్ళా పడిందో ఆమెకే తెలుసు.

"రేపు దూలం మీ చేతిలో ఉంటుంది. దాని కింద మనుషులుంటారు. వాళ్ళూ ఎక్కడికో వెళ్దామని అనుకునే ఉంటారు," అంది.

ఫోను బల్ల మీద, ఇద్దరి మధ్యా ఉంది. దాన్ని తను అందుకుని నంబరు నొక్కి ఇవ్వడం ఆమెకి చిటికెలో పని. కానీ ముట్టుకోలేదు. పైపోర్షన్‌లో ఎవరో కుర్చీ లాగారు. అతను చొక్కాకి చెయ్యి తుడుచుకుని ఫోను తీశాడు.

మేస్త్రీ ముందు నమ్మలేదు, తర్వాత తిట్టాడు. ఆదివారం మధ్యాహ్నం చెప్తే పొద్దుటికల్లా మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చేదని అరిచాడు. అంతా ఆమెకి వినబడుతూనే ఉంది. భర్త ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అరిచి అరిచి అవతల గొంతు తగ్గింది.

"సరే, పొద్దున రా. కిందనుంచి సైగలిచ్చే పని చూడు. సెలవు మాట మాత్రం ఇప్పుడు నా దగ్గర ఎత్తకు."

ఫోను పెట్టేసి అతను గ్లాసుడు నీళ్ళు తాగాడు. రేడియో ఐస్‌క్రీముతో వచ్చేసరికి, ఆమె ఏ సాకు చెబుదామా అని ఆలోచించేలోపే, అతనే చెప్పేశాడు. "ఒరేయ్, నాకు ఎత్తంటే భయం పట్టుకుంది. క్రేను దిగిపోయాను. సెలవు దొరుకుతుందో లేదో తెలీదు."

ఐస్‌క్రీము డబ్బా బల్ల మీద పెట్టి, రేడియో అక్క మొహం చూశాడు. "ఎప్పట్నుంచి బావా?" అన్నాడు మెల్లగా. అతను చెప్పాడు. ఈసారి పటం అంచు మడవలేదు.

ఆమె ప్రయాణం తారీకులు రబ్బరుతో చెరిపి అక్కడ ఖాళీ వదిలింది. దారి మాత్రం చెరపలేదు.

ఐస్‌క్రీము సగం తిన్నాక అతను పటం తనవైపు తిప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఒక్కోటీ కొట్టేశాడే తప్ప, ఇది కావాలని ఒక్కటీ అడగని మనిషి. ఓహ్రిడ్ సరస్సు మీద చెంచా ఆనించి, "ఇక్కడ పడవలుంటాయా?" అన్నాడు.

"ఉంటాయి," అందామె. "అటు ఒడ్డు అల్బేనియా, ఇటు ఒడ్డు మాసిడోనియా. ఏ ఒడ్డున దిగుదాం?"

అతను ఇటు ఒడ్డన్నాడు, రేడియో అటు ఒడ్డన్నాడు. ఇద్దరూ వాదనకి దిగారు.