పట్టుబడ్డ చేపల పులుసు

మా తాత రాజారత్నం యానాం పొలిమేర చెక్‌పోస్టులో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడ బ్రాందీ చవక. అది ఆంధ్రాలోకి దాటిపోకుండా సంచులు తడమడమే ఆయన ఉద్యోగం.

తాత మెదడు కుంచించుకుపోతోంది, నయం కాదు అన్నాడు కాకినాడ డాక్టరు. నయం కానిదానికి ఇన్ని టెస్టులెందుకయ్యా అని గట్టిగానే అడిగాను. లేచి ఏసీ పెంచాడు.

తాతకి పేర్లు పోయాయి, మేమూ పోయాం. చెక్‌పోస్టు మాత్రం పోలేదు. యానాం అగ్రహారంలో మా ఇంటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరినీ ఆపేవాడు. పాస్టరుగారి బైబిలు సంచీ విప్పించాడు.

అన్నం పెడితే మాత్రం నోరు తెరవడు. "డ్యూటీలో ఎవరిచ్చిందీ తినకూడదు." మనిషి పుల్లయిపోయాడు.

ఒకరోజు మా మామ్మ శాంతమ్మ తనకోసం కొంగుచాటున బజ్జీలు తెచ్చుకుంది. తాత పట్టుకున్నాడు. జప్తు చేసి, అన్నీ తినేశాడు!

"ఓరి నీ డ్యూటీ తగలెయ్య! పట్టుకున్న సరుకు తినేసేవోడివా?" అంది మామ్మ.

"కేసు రాసేలోగా పాడైపోద్దమ్మా."

అంతే, ఇంటిల్లిపాదీ దొంగలమయ్యాం. స్టీఫెన్ బాబాయ్ హెల్మెట్‌లో ఇడ్లీలు తెచ్చేవాడు. నేను బట్టల సంచి అడుగున చేపల పులుసు అన్నం పెట్టేదాన్ని. ఎదురుగా పెడితే లంచం, దాస్తే భోజనం.

"ఏంటమ్మాయ్ అందులో?"

"బట్టలండి."

"బట్టలకి పులుసు వాసనొస్తదా? ఇటు తే!"

కాళ్లు పట్టుకుని బతిమాలాలి. లేకపోతే అనుమానమొచ్చి తినడు.

ఆ మధ్యాహ్నం అలాగే భయంభయంగా గుమ్మమెక్కాను. ఆపలేదు.

"ఎస్తేరూ, వచ్చేశావా? లోపలికి పోమ్మా."

ఏడాదిగా నా పేరు పెట్టి పిలిచే ఆ పిలుపు కోసమే చచ్చాను. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

"నేను ఎస్తేర్ని కాదు! సంచిలో దొంగ సరుకుంది, చూడండి సార్!"

"మా ఎస్తేరు దొంగతనం చెయ్యదు."

బయటికెళ్లి, ముఖం కనపడకుండా తువ్వాలు కప్పుకుని మళ్లీ వచ్చాను.

"ఎండలో తిరక్కు, ఎస్తేరూ."

డబ్బా మూత తీసి ముద్ద కలిపి నోటిదగ్గర పెట్టాను. తల తిప్పుకున్నాడు. "డ్యూటీలో ఉన్నానమ్మా."

ఆ తర్వాత ఎవరినీ ఆపలేదు, ఏమీ తినలేదు. ఆదివారం ఆరాధన వేళకి ప్రాణం పోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా గుమ్మం దగ్గర ఆగి, ఖాళీ కుర్చీ ముందు సంచులు విప్పారు. ఎవరూ చెప్పలేదు. పాస్టరుగారూ విప్పారు.

నేను విప్పలేదు. నన్ను చెక్ చెయ్యడు కదా.