మోచేతి లోతు

సుకన్యకు మొదట అనుమానం వచ్చింది కోదాడ ల్యాబు మీద. తర్వాత సూర్యాపేట డాక్టర్ మీద. ఆ తర్వాత కట్టుకున్న మొగుడి మీద. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ భూతం ఎక్కడ కాపురం ఉంటుందో మాత్రం వాళ్లు చెప్పి చావలేదు.

ఆమెకు ఆరేళ్లుగా థైరాయిడ్ తక్కువ. రోజూ పరగడుపున వంద డోసు మాత్ర ఒకటి, గంట ఆగి చాయ్. మాత్ర మొదలుపెట్టక ముందు గడిచిన ఏడాది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ భయమే. పొయ్యి ముందు నిలబడే కునుకు తీసేది. పిలిస్తే పలకడానికి ఓపిక ఉండేది కాదు. చుట్టాలంతా కలిసి పనిదొంగ అని పేరు పెట్టారు. మాత్ర పడ్డాకే మళ్లీ మనుషుల్లో పడింది, నేరేడుచర్ల వడ్ల కొనుగోలు కేంద్రంలో మహిళా సంఘం తరఫున తేమ చూసే పనిలో కుదిరింది.

ఆ మాత్రకే ఇప్పుడు ఎసరొచ్చింది. జనవరి రిపోర్టు చూసి డాక్టర్ ప్రభాకర్ వందను డెబ్బై ఐదు చేశాడు. మార్చిలో యాభై చేశాడు. ఏప్రిల్ చివర్లో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మందు చాలకపోతే థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె పెరగాలి, ఎక్కువైతే పడిపోవాలి. మీది సున్నాకి దగ్గర్లో ఉంది. నిజం చెప్పండమ్మా, రోజుకు రెండు వేసుకుంటున్నారా?"

"ఒక్కటే సార్. ఒట్టు."

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఏం లేవు సార్."

ఆ మాట అంటూనే ఆమె చేయి చంకలోని హ్యాండ్‌బ్యాగును గట్టిగా అదుముకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. డాక్టర్ చూడలేదు. పక్కన కూర్చున్న ఆమె భర్త శశిధర్ చూశాడో లేదో తెలియదు.

"పదిహేను రోజులాగి మళ్లీ పరీక్ష చేయించి రండి. ఇట్లాగే ఉంటే మాత్ర పూర్తిగా ఆపేద్దాం" అన్నాడు డాక్టర్.

ఆపేస్తారట! బస్సెక్కిన దగ్గర్నుంచి ఆమె గుండెలో ఆ ఒక్క మాటే మోగింది. రిపోర్టు మందు ఎక్కువైందంటుంది. మందు ఎక్కువైన వాళ్లకు గుండె దడదడలాడుతుంది, ఒళ్లు తగ్గుతుంది, చెమటలు కారతాయి. ఆమెకేమో నెత్తి మాడే ఏప్రిల్ ఎండలో చెమట చుక్క లేదు. పొద్దున లేస్తే మొహం ఉబ్బు, గొంతు బొంగురు, కాళ్లకు ఇసుక బస్తాలు కట్టినట్టు బరువు. ఆ పాత ఏడాది మళ్లీ వస్తోందని ఆమె ఒంటికి తెలిసిపోయింది. అవన్నీ డాక్టర్‌కు చెప్పింది కూడా. కానీ ఒంటి మాట ఎవరు వింటారు? కాగితం మీద అంకె పడితే అదే వేదం.

ఆ సాయంత్రమే శశిధర్ మందు సీసా తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేరేడుచర్లలో పురుగుమందుల దుకాణం నడిపే మనిషి. డోసు ఎక్కువైతే ఏమవుతుందో తనకు తెలిసినట్టు లోకంలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"రేపటిసంది నేనే ఇస్త. పొద్దుగాల ఒక్కటి."

"నేను రెండేసుకుంటున్ననని నీకు గూడ అనుమానమా?"

"నాకేం అనుమానం లేదు. రిపోర్టుకే ఉంది."

మర్నాటి నుంచి తెల్లవారగానే ఆయన అరచేతిలో ఒక మాత్ర, ఆమె అరచేతిలో నీళ్ల గ్లాసు. గుళ్లో తీర్థం తీసుకున్నట్టు తీసుకోవాలి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నాలుగో రోజుకు ఆ మాత్ర మీద కూడా అనుమానం పుట్టింది. ఇదివరకటి కంటే తెల్లగా లేదూ? కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సున్నం ముక్క గాదు, మింగు" అన్నాడు శశిధర్.

ఆ రోజే కేంద్రానికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఎవరికీ తెలియకుండా మిర్యాలగూడ పోయింది. కోదాడ ల్యాబుకీ డాక్టర్‌కీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉండి ఉంటుందని ఆమె లెక్క. మిర్యాలగూడలో తనను ఎరిగిన వాళ్లు లేరు. అక్కడ నెత్తురిచ్చి, సాయంత్రం ఫోన్లో వచ్చిన రిపోర్టు తెరిచింది. అంకె మళ్లీ సున్నా పక్కనే. రెండు ఊళ్లు, రెండు మిషన్లు, ఒకే మాట. ఆమె ఆటోలో కూర్చుని ఏడ్చేసింది. ఇంతమంది చెప్తుంటే తప్పు తన ఒంటిదేనేమో, తను నిజంగానే పనిదొంగేమో అని మొదటిసారి తన మీద తనకే అనుమానం వచ్చింది.

మర్నాడు కేంద్రంలో కొమురయ్య వడ్లు కుప్ప పోసి ఉన్నాయి. డెబ్బై ఏళ్ల ముసలాయన, మాట తేనె. స్టీలు గిన్నెలో వడ్లు పట్టుకుని ఎదురొచ్చాడు.

"నీకు ఎండల తిప్పలెందుకు బిడ్డా, శాంపిల్ నేనే తెచ్చిన. సూడు."

మిషన్‌లో పోస్తే తేమ పద్నాలుగు. పదిహేడు దాటితే కొనరు, పద్నాలుగంటే బంగారమే. సుకన్య కుప్ప దగ్గరికి నడిచి, చేయి మోచేతి దాకా లోపలికి దూర్చి గుప్పెడు తీసింది. చల్లగా తగిలాయి. మిషన్ ఇరవై ఒకటి చూపించింది.

"నీ మిషన్ పాడుగాను! ఇప్పుడే పద్నాలుగన్నది, అప్పుడే ఇరవై ఒకటా?"

"మిషన్‌నెందుకు తిడ్తవ్ తాతా? అది అబద్ధమాడదు. దాని నోట్లె నువ్వేం పోస్తే అదే జెప్తది. ఆ గిన్నెలయి ఏడ ఎండబెట్టిన వడ్లో నాకెరుక లేదా?"

కొమురయ్య పళ్లు లేని నోటితో నవ్వేశాడు. సుకన్యకు మాత్రం నవ్వు రాలేదు. తన నోటి మాట తనకే ఎదురొచ్చి తగిలింది. దాని నోట్లో తనేం పోస్తోంది? ల్యాబు వాడు తీసింది తన నెత్తురే. మరి ఆ నెత్తురులో తనేం కలిపింది?

చేయి మళ్లీ హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది.

పోయినేడు డెంగీ జ్వరం వచ్చిపోయాక ఆమె జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. మోకాళ్ల దాకా ఉందని పెళ్లిచూపుల్లో పొగిడించుకున్న జడ ఎలుక తోకయింది. ఎవరి కంటా పడకుండా సవరం కట్టుకుంటోంది. కోదాడలో బ్యూటీపార్లర్ నడిపే చెల్లెలు మానస డిసెంబర్‌లో ఒక మాత్రల డబ్బా చేతిలో పెట్టింది. "ఇవి వాడి చూడక్కా, జుట్టు ఎట్లా వస్తుందో. బావకి చెప్పకు, నవ్వుతాడు" అంది. అప్పట్నుంచి రోజుకు రెండు, బాత్రూంలో తలుపు వేసుకుని. డిసెంబర్‌లో మొదలు, జనవరిలో అంకె పడింది. తేదీలు పక్కపక్కనే కూర్చున్నాయి.

మధ్యాహ్నం మిర్యాలగూడ ల్యాబుకు ఫోన్ చేసింది. నెత్తురు తీసిన జవహర్ ఎత్తాడు.

"తమ్ముడూ, జుట్టు మాత్రలు మింగితే థైరాయిడ్ రిపోర్టు మారుతదా?"

"అందుల బయోటిన్ విటమిన్ ఉందా మేడం? డబ్బా మీద సూడుండ్రి."

చూసింది. పెద్ద అక్షరాలతోనే ఉంది. ఐదు నెలలుగా సంచిలో మోస్తూ ఒక్కనాడూ చదవలేదు.

"అయితే మా మిషన్ మోసపోయినట్టే. బయోటిన్ నెత్తుర్ల ఉంటే కొన్ని మిషన్లు టీఎస్‌హెచ్ తక్కువ చూపెడ్తయి. అవి వారం ఆపి రాండ్రి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది సుకన్య పని. కోదాడ ల్యాబును దొంగను చేసింది, డాక్టర్ అమ్ముడుపోయాడనుకుంది, మొగుడు సున్నం ముక్కలు తినిపిస్తున్నాడనుకుంది. దొంగ తన సంచిలోనే ఉంది.

వారం ఆగి నెత్తురిచ్చింది. ఈసారి అంకె ముప్పై ఎనిమిది. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. రోగం ముదిరిందని చెప్పే కాగితాన్ని చూసి అంత సంతోషపడిన మనిషి మిర్యాలగూడ బస్టాండులో ఇంకొకరు ఉండరు. తన ఒళ్లు అబద్ధమాడలేదు. తను పనిదొంగ కాదు.

పదిహేనో రోజు సూర్యాపేటలో డాక్టర్ రిపోర్టు అందుకోక ముందే ఆమె సంచి విప్పి జుట్టు మాత్రల డబ్బా బల్ల మీద పెట్టింది. డాక్టర్ డబ్బా చూశాడు, ముప్పై ఎనిమిదిని చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

"వేరే మందులున్నాయా అని నేను అడిగాను కదమ్మా?"

"మందులు అడిగిండ్రు సార్. జుట్టు అడగలే."

శశిధర్ తలెత్తి ఆమె వైపు చూశాడు. డాక్టర్ డబ్బా తిప్పి దాని మీది అక్షరాలు చదివాడు.

"అడగాల్సింది. కాళ్ల బరువు, గొంతు అన్నీ చెప్పారు మీరు. నేను కాగితమే చూశాను" అని మెల్లగా అని, వంద డోసు మళ్లీ రాశాడు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష రాశాడు. ఇకనుంచి ఏం మింగినా ఆమె రాసి తెస్తానంది, ఆయన చదువుతానన్నాడు.

ఇంటికొచ్చే దారిలో బస్సు హుజూర్‌నగర్ దాటింది. అప్పుడు శశిధర్ అన్నాడు.

"సవరం సంగతి నాకు ఎప్పుడో ఎరుకే."

ఆమె జడను కొంగు కిందికి లాక్కుంది. "ఎరుకైతే ఎందుకు అడగలే?"

"నువ్వు దాస్తున్నవ్ గదా అని ఊకున్న."

"మరి సీసాకు తాళమేసేటప్పుడు ఎందుకు ఊకోకపోతివి?"

శశిధర్ తల తిప్పుకున్నాడు. కిటికీ లోంచి ఎండుతున్న వడ్ల కుప్పలను చూస్తూ కూర్చున్నాడు.

తెల్లవారింది. అలవాటు ప్రకారం శశిధర్ అరచేతిలో మాత్ర పెట్టుకుని వచ్చాడు. సుకన్య దాన్ని ముట్టుకోలేదు. ఉత్త చేయి చాపింది.

"సీసా."

ఆయన వెనక్కి పోయి సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మూత తీసి మాత్ర తనే తీసుకుంది, తనే మింగింది, గోడ గడియారం చూసుకుంది. సీసాను కొంగు కింద పెట్టుకుని మళ్లీ చేయి చాపింది.

"తాళంచెవి గూడ."

శశిధర్ చొక్కా పైకెత్తి మొలతాడుకు కట్టిన ముడి విప్పడం మొదలుపెట్టాడు.