దుప్పటి మీద పట్నం

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే ఆ కొట్టును ముగ్గురు తోబుట్టువులు నడిపేవారు. మరకలు తీయడం పెద్దక్క పని. ఇస్త్రీ చిన్నక్క పని. బట్టలు తీసుకోవడం, వాటికి చీటీలు గుచ్చడం, ఇళ్ళకు చేర్చడం తమ్ముడి పని. ఇవి చాలవన్నట్టు ఆర్నెల్లుగా వాడి నెత్తిన ఇంకో ఉద్యోగం కూడా పడింది. దానికి జీతమూ లేదు, సెలవూ లేదు. పెద్దక్క మాట చిన్నక్కకూ, చిన్నక్క మాట పెద్దక్కకూ మోయడమే ఆ ఉద్యోగం.

మోయడానికి దూరం ఉందా అంటే అదీ లేదు. తొట్టి దగ్గర నిలబడి పెద్దక్క, "మోటారు ఆపమని చెప్పరా" అనేది. మీట పక్కనే ఉన్న చిన్నక్క ఆ మాట తనది కానట్టు కిటికీలోంచి బయటికి చూసేది. తమ్ముడు ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చి, మోటారు ఆపాలట చిన్నక్కా అంటే అప్పుడు ఆపేది. ఊరికే ఆపితే పోయేదిగా, "ఆపానని చెప్పు" అని వాడికే పురమాయించేది. తొట్టి అప్పటికే పొంగి వాడి చెప్పులు తడిసేవి.

దీనంతటికీ మూలం ఒక కోటు. కొత్త ఉద్యోగంలో చేరేరోజు వేసుకుందామని ఒక పెద్దమనిషి దాన్ని ఉతకడానికిచ్చాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున చూస్తే కాలరు కింద పసుపుపచ్చ మచ్చ. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ అని పెద్దక్క, మరకలమందు కాల్చిన మచ్చ అని చిన్నక్క, ఆ మనిషి ముందే ఇద్దరూ ఒకేసారి అనేశారు. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కోటు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ మచ్చ ఎవరి పుణ్యమో దేవుడికి కూడా తెలిసి ఉండదు. తెలిసినా ఈ ఇద్దరి మధ్యకు వచ్చి చెప్పే ధైర్యం ఆయనకు ఉండదు.

ఎండాకాలం వెళ్ళగానే కొట్టుకు అడ్డంగా గోడ కట్టించేస్తానని పెద్దక్క ప్రకటించింది. కట్టించుకోమను అని చిన్నక్క జవాబిచ్చింది. రెండు మాటలూ తమ్ముడే మోశాడు. తర్వాత టేపు పెట్టి కొలిచి చూసుకుంటే, ఆ గోడ సరిగ్గా వాడి కుర్చీ ఉన్నచోట లేస్తుంది. ఇటు కూర్చుంటే అటు అక్కకు పరాయివాడు, అటు కూర్చుంటే ఇటు అక్కకు. ఇద్దరూ వంతులేసుకుని ఎత్తుకుని పెంచినవాడు. గోడ సంగతి తలుచుకుంటే వాడికి అన్నం సహించేది కాదు.

బతిమాలితే లొంగే రకాలు కారు కనక, వాడు ఒక పట్నం కట్టాడు.

చదువుకునే రోజుల్లో స్నేహితులతో ఆడిన ఆట ఒకటి వాడికి వచ్చు. ఒకడు ఒక ఊరిని ఊహించి దాని కథ చెబుతుంటాడు. మిగిలినవాళ్ళు ఆ ఊళ్ళో తలా ఒక మనిషి అయిపోయి, అక్కడ ఏం చేస్తున్నారో, ఏం మాట్లాడుతున్నారో చెబుతుంటారు. అనుకున్న పని జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒకరు గెలవడం, ఒకరు ఓడడం ఉండదు. కథ సాగినన్నాళ్ళు ఆట సాగుతుంది.

ఎవరో ఉతకడానికిచ్చి మళ్ళీ రాని దుప్పటి ఒకటి అలమరలో పడి ఉంది. పెద్దక్క తన మందులన్నీ ప్రయోగించినా లొంగని మరక దాని నడిమధ్య వంకరటింకరగా ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. తమ్ముడు ఆ మరకను నది చేశాడు. ఒక గట్టు మీద కోట, ఖజానా, రాజవీధి గీశాడు. రెండో గట్టు మీద మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందులు, సీసాల్లో ప్రతిధ్వనులు అమ్మే బజారు, దొంగల వాడ గీశాడు. నది మధ్యలో గంటస్తంభం నిలిపి, దాని మీద ఒక ముసలి డ్రాగన్‌ను కాపురం పెట్టాడు. నిప్పులు కక్కే వయసు దాటిపోయి, కింద నడిచేవాళ్ళ మీద వ్యాఖ్యానాలు చేస్తూ అది పొద్దుపుచ్చుతుంది.

ఇదంతా పైపూత. అసలు కుట్ర ఆ పట్నం చట్టాల్లో ఉంది. రెండు గట్లనూ కలిపే వంతెన మామూలుగా పైకెత్తి ఉంటుంది. ఈ గట్టువాళ్ళు ఆ గట్టువాళ్ళను నోరారా పిలవాలి, వాళ్ళు పలకాలి, అప్పుడే అది కిందికి దిగుతుంది. ఇక ఎవరైనా పిలిస్తే పలకనివాళ్ళకు అక్కడికక్కడే జానెడు తోక మొలుస్తుంది. మళ్ళీ పలక్కపోతే ఇంకో జానెడు. ఇలాంటి ఊరు కట్టేవాళ్ళు ముందు రాజెవరు, రాక్షసుడెవడు అని ఆలోచిస్తారు. వీడు ముందు తోకల గురించి ఆలోచించాడు.

నువ్వు ఆడితే తను నెగ్గలేనని చిన్నక్క భయపడుతోందని పెద్దక్కతో చెప్పాడు. అదే అబద్ధాన్ని తిరగేసి చిన్నక్కకూ చెప్పాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించిన కొట్లో ఇస్త్రీబల్ల మీద దుప్పటి పరిచేసరికి, ఇద్దరూ చెరో పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

జేబులో దొరికిన గుండీని కూడా ఇంటికి పంపించే పెద్దక్క దొంగనవుతానంది. తన దువ్వెన ఎక్కడుందో ఏనాడూ చెప్పలేని చిన్నక్క కొత్వాలునై పట్నాన్ని చక్కబెడతానంది. పెద్దక్క భర్తను, అంటే బావను, మాంత్రికుణ్ణి చేశారు. ఆయన రాత్రి బస్సు నడిపి వచ్చి పగలు ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోతాడు.

మొదటి వారం కొత్వాలుకు రెండు జానల తోక మొలిచింది. దాన్ని ఈడ్చుకుంటూ రాజవీధిలో నడుస్తుంటే డ్రాగన్ పైనుంచి, చీపురు ఖర్చు తగ్గిందని మెచ్చుకుంది. పెద్దక్క పెదవి బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు. రెండో వారం దొంగకు తోక మొలిచింది, నవ్వడం చిన్నక్క వంతయింది. నిద్రలో ఎవరికీ పలకని మాంత్రికుడి తోక మాత్రం నది దాటి అవతలి గట్టుకు చేరింది. ఊళ్ళోవాళ్ళు దాని మీద బట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు. తోక మీద బట్టలకు మడత పడకుండా ఎలా ఆరేయాలో అక్కచెల్లెళ్ళిద్దరూ దొంగగా, కొత్వాలుగా చాలాసేపు చర్చించారు.

వర్షాలు మొదలయ్యేసరికి దొంగా కొత్వాలూ ప్రాణస్నేహితులైపోయారు. దొంగ ఖజానాకు కన్నం వేస్తుంటే కొత్వాలు దీపం పట్టుకునేది. తమ్ముడు రాసుకున్న రాక్షసులు, శాపాలు, మాయద్వారాలు ఒక్కటీ ముట్టుకోకుండా ఆ ఇద్దరూ వంతెన మీద కాళ్ళు వేలాడేసుకుని కబుర్లు చెప్పుకునేవారు. తమ్ముడు మురిసిపోయాడు. కొట్లో కూడా గాలి మారింది. ఒకరోజు ఒకామె నీలం కోటు తెచ్చి బల్ల మీద పెట్టగానే చిన్నక్క లోపలికి కేకేసింది.

"ఒసే దొంగా, గుండీలు ఊడేట్టున్నాయి. చూసి రుద్దు."

"చిత్తం కొత్వాలు గారూ" అని తొట్టి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. కోటు తెచ్చినామె ఇక్కడ బట్టలు ఇవ్వవచ్చా అని తమ్ముణ్ణి మెల్లగా అడిగింది.

ఇంక గోడ గొడవ లేనట్టేనని వాడు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. ఆ నిద్ర శనివారం దాకానే. శనివారం మధ్యాహ్నం కొట్టు ముందు ఇటుకలు దిగాయి. తాపీమేస్త్రి సోమవారం పొద్దున్నే వస్తాడట. తమ్ముడు లబోదిబోమంటూ పెద్దక్క దగ్గరికి పరుగెత్తి, ఇప్పుడు మీరిద్దరూ బాగానే మాట్లాడుకుంటున్నారు కదా అన్నాడు.

"దొంగా కొత్వాలూ మాట్లాడుకుంటున్నారు" అంది పెద్దక్క, చేతులు తుడుచుకుంటూ. "నాకూ దానికీ ఏం సంబంధం?"

చిన్నక్కను అడిగితే ఆమె కూడా, ఆ దొంగ బంగారంలాంటిదని, దాన్ని చూసి ఈవిడతో మాట్లాడమంటే కుదరదని తేల్చేసింది. అప్పుడు అర్థమైంది తమ్ముడికి తను చేసిన ఘనకార్యం ఏమిటో. అక్కచెల్లెళ్ళు సుఖంగా ఉండడానికి వాళ్ళకొక పట్నం కట్టి ఇచ్చాడు. ఇంట్లో సర్దుకోవాల్సిన అవసరం లేకుండా చేశాడు. సొంతంగా ఊహించుకున్న ఊరి మీద ఒక మనిషికి అంత ఈర్ష్య కలగడం వింతే గానీ, ఆ రాత్రి వాడికి కలిగింది.

ఆదివారం ఆటలో నదికి వరద వచ్చింది. గంటస్తంభంలో గంట నాలుకను ఎత్తుకొస్తానని దొంగ బయల్దేరింది. కొత్వాలు తోడు వెళ్ళింది. వంతెన మధ్యలో చెక్క విరిగి దొంగ కిందికి జారింది. కొత్వాలు బోర్లా పడుకుని దాని చెయ్యి అందుకుంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ చిన్నక్క నిజంగానే బల్ల మీదకు వంగిపోయింది. పెద్దక్క కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు పాచిక కథ చెప్పేవాడే వేయాలి. ఎదురుగా చొక్కాల పెట్టె మూత నిలబెట్టి, దాని చాటున తమ్ముడు పాచిక వేశాడు.

పదిహేడు పడింది. బ్రహ్మాండమైన అంకె. కొత్వాలు ఒక్క ఊపులో దొంగను పైకి లాగేస్తుంది, ఇద్దరూ తడిబట్టలు పిండుకుని నవ్వుకుంటారు, తెల్లారితే మేస్త్రి వస్తాడు. ఆ పట్నం మొత్తంలో తమ్ముడికి అందరికన్నా ఇష్టమైన మనిషి ఆ దొంగే. దాని కోసం వీడు చాలా ఖజానాలు కట్టాడు. వాడు పాచికను గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"మూడు" అన్నాడు.

చెయ్యి తడిగా ఉందని, పట్టు జారిందని, నది దొంగను మింగేసిందని గొంతు తగ్గించి చెప్పాడు. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి డ్రాగన్ ఏమీ అనలేదని చెప్పాడు. ఆటలో చచ్చిపోయినవాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేచిపోవాలన్నది నియమం. బావను నిద్ర లేపడానికి పెట్టిన నియమం అది. ఇప్పుడు దాన్నిబట్టి పెద్దక్క లేచింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఆట కదా, దానికేముంది అన్నట్టు తల ఊపి వెనక్కి తిరిగింది. ఆమె ముఖం చూసి తమ్ముడు పెట్టె మూత పక్కకు జరిపాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా.

ఈలోగా చిన్నక్క బల్లకు అడ్డంగా చెయ్యి చాపి పెద్దక్క మణికట్టు పట్టుకుంది. దుప్పటి మొత్తం ముడుచుకుని కోటా సందులూ నదీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"నేను వదల్లేదు అక్కా" అంది. కొత్వాలు గొంతు కాదు అది.

పెద్దక్క తన మణికట్టు వైపు చూసింది. చెల్లెలి వేళ్ళ మీద ఇస్త్రీపెట్టె చురకలు పాతవీ కొత్తవీ ఉన్నాయి.

"తెలుసే. నీ తప్పు కాదు."

ఆ మాట వంతెన మీద నిలబడలేదు. వెనక్కి, కోటు మీద మచ్చ పడిన రోజు దాకా వెళ్ళిందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు, బావ ఒక్కడే గురక పెడుతున్నాడు. చిన్నక్క ముక్కు ఎగబీల్చి, "నీదీ కాదు" అంది. అనేసి చెయ్యి వదిలేస్తుందేమోనని తమ్ముడు ఆ వేళ్ళనే చూశాడు. వదల్లేదు.

కాసేపటికి ఇద్దరూ వాడి వైపు తిరిగారు. పాచిక చూపించమన్నారు. గుప్పిట తెరిచాడు. గుప్పిట్లో నలిగిన పాచిక ఏ అంకె చెబుతుంది? దొంగచూపులు చూస్తున్నాడే అని పెద్దక్క అంది. చిన్నప్పుడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి, ఇప్పుడూ అలాగే ఉన్నాయి చూడక్కా అని చిన్నక్క అంది. చెరో చెవీ పట్టుకుని పదిహేడని ఒప్పించేదాకా వదల్లేదు. ఆ తర్వాత దొంగ నదిలోంచి చుక్క నీళ్ళు తాగకుండా బయటికి వచ్చింది. శిక్షగా కథ చెప్పేవాడికి మూడు జానల తోక మొలిచింది.

సాయంత్రం షట్టరు దించుతూ, గోడ వద్దని మేస్త్రికి ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. పిలిచినదానివి నువ్వు కాబట్టి నువ్వే చెప్పాలంది చిన్నక్క. కట్టించుకోమని రెచ్చగొట్టింది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు అంది పెద్దక్క. గొంతులు పెరిగాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఇటుకల పక్కన నిలబడి ఇద్దరూ ముఖాముఖి, సొంత గొంతులతో, హాయిగా పోట్లాడుకున్నారు. తమ్ముణ్ణి చెప్పమని మాత్రం ఒక్కరూ అనలేదు.